చివరి మడి

“మీ సేను యాడుంది? కాలువకు మొదట్లోనా, చివర్లోనా?”

గుండె ఆపరేషన్‌కు వచ్చినవాళ్లను మా సార్ మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. నొప్పి ఎప్పటి నుంచి, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, బీడీ తాగుతావా అన్నవన్నీ ఆ తర్వాతే. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. డాక్టరు చేను సంగతి అడుగుతున్నాడంటే బిల్లు ఎంత లాగొచ్చో చూస్తున్నాడనే వాళ్ల అనుమానం. వేలికి ఉంగరాలున్న ఆసాములు కూడా చేతులు నలుపుకుంటూ, మాకు సేనూ లేదు గీనూ లేదు సారూ, కూలికి పోయేటోళ్లం అనేవాళ్లు. సార్ ఆ ఉంగరాల వైపు ఒకసారి చూసి, “సరేలేప్పా, పక్కనోళ్ల సేనన్నా చూసింటావ్ గదా, దాన్నే అనుకో” అని చెప్పడం మొదలుపెట్టేవారు.

ఆయన గుండె కోసే డాక్టరు. నేను చాలా ఏళ్లు థియేటర్‌లో ఆయన పక్కన నిలబడి పనిముట్లు అందించిన నర్సును. ఆయన పోయి పట్టుమని నెల కాలేదు. పేరు రాయను. రాస్తే పైనుంచి కూడా తిడతారు. తిట్టడంలో ఆయనకు ఎవరూ సాటిలేరు.

ఆళ్లగడ్డ దాటాక, కేసీ కాలువ నుంచి చీలిన పిల్లకాలువ ఒకటి ఇక నావల్ల కాదని ఆగిపోయే చోట ఆయన ఊరు. మాది నంద్యాల పక్కన, కాలువ అడగకుండానే పొలంలోకి వచ్చే ఊరు. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఊరి పేరు అడిగారు. చెప్పాను. “ఓ, తూము కాడి పాపా నువ్వు” అన్నారు. అంతే, నా అసలు పేరు ఆ రోజుతో సరి. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, తల నెరిసింది. ఆయనకు మాత్రం చివరిదాకా నేను తూము కాడి పాపనే.

ఆయన చేసే పని ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి, లేకపోతే మనిషి అర్థం కాడు. గుండె మీద కుట్టు వేయాలంటే అది కదలకుండా ఉండాలి. అందుకని ఒళ్లంతటికీ నెత్తురు తోసే పని కాసేపు ఒక మిషన్‌కు అప్పగించి, గుండెకు నెత్తురు పోయే దారిని మూసేస్తారు. అప్పుడు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే గుండె తాను పస్తుంటుంది. పస్తున్న కండరం కొట్టుకుంటూ ఉంటే తొందరగా చచ్చిపోతుంది. అందుకే పొటాషియం కలిపిన చల్లటి నెత్తురును దాని సొంత నాళాల్లోకి వదిలి నిద్రపుచ్చుతారు. నిద్రపోయే గుండెకు ఆకలి తక్కువ. అయితే ఒకసారి ఇచ్చి ఊరుకుంటే కుదరదు, కాసేపటికి దాని పట్టు సడలుతుంది. ఉండి ఉండి మళ్లీ ఇస్తూనే ఉండాలి. పుస్తకాల్లో దీనికి నోరు తిరగని పేరొకటి ఉంది. మా థియేటర్‌లో దాని పేరు తడి.

పైరుకు నీళ్లు పెట్టే తడే. మొదటి తడి, రెండో తడి, మూడో తడి. పట్నంలో పుట్టి పెరిగిన కొత్త నర్సు ఒకామె, సార్ “తడి ఇయ్యండి” అనగానే గాజుగుడ్డ తడిపి చేతిలో పెట్టింది. ఆ రోజు ఆమె విన్న తిట్లు నేను ఇక్కడ రాయలేను. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోంచి ఆమెకు రెండు జొన్నరొట్టెలు తీసి ఇచ్చారు. అది ఆయన పద్ధతి. తిట్టించుకున్నవాళ్లకు రెండు రొట్టెలు, తిట్టించుకోనివాళ్లకు ఒకటి. నాకు దాదాపు ఎప్పుడూ రెండే వచ్చేవి.

తడి వేళ కాగానే మిషన్ నడిపే అతను చెప్పేవాడు. సార్ చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి, రెండు చేతులూ గుండె మీదనుంచి తీసేసి, తన రొమ్ముకు ఆనించుకుని నిలబడేవారు. దేవుడి ముందు కూడా ఆయన అంత కుదురుగా నిలబడగా నేను చూడలేదు. శిక్షణకు వచ్చిన కుర్ర డాక్టరు ఒకాయన, ఒక్క కుట్టే ఉంది సార్, వేసేద్దామా అన్నాడు. “నీళ్లు పారేటప్పుడు కలుపు తీస్తారా ఎవరన్నా?” అన్నారు సార్. ఆ కుర్రాడికి కలుపంటే ఏమిటో తెలుసో లేదో గానీ చేతులు మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

తడి పారాక, గుండె కింది కొసను చూపుడు వేలి వెనక వైపుతో తాకేవారు. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తల్లి అలాగే చూస్తుంది. చల్లబడిందా లేదా అని. తనను తానే అడిగినట్టు, “చివరి మడికి అందిందా?” అనేవారు. అందింది అనుకుంటేనే సూది చేతికి తీసుకునేవారు. అందలేదంటే ఇక ఎవరు చెప్పినా, ఎంత ఆలస్యమైనా సరే ముందుకు కదిలేవారు కారు. ఆయనకంటే చకచకా కుట్టే డాక్టర్లు మా ఆసుపత్రికి వచ్చి వెళ్లారు. ఆ మాట ఆయన చెవిన పడినా కోపం తెచ్చుకునేవారు కాదు. “కోసేదీ కుట్టేదీ దర్జీ కూడా చేస్తాడు. కుట్టేంతసేపూ గుడ్డ చచ్చిపోకుండా చూసుకునే పని దర్జీకి లేదు. మనకుండేది అదే” అనేవారు.

ఈ చివరి మడి పిచ్చి ఎక్కడిదో ఒక రోజు రొట్టెలు తింటూ చెప్పారు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయన పార భుజాన వేసుకుని కాలువ గట్టు పట్టుకుని పైకి నడిచేవాడట. పై ఊళ్లవాళ్లను నీళ్లు వదలమని అడగడానికి. మా తడి కానీప్పా, తర్వాత చూద్దాం అనేవాళ్లట. వాళ్ల తడి అయ్యేసరికి కాలువే కట్టేసేవాళ్లు. ఆ నాయన ఖాళీ చేతులతో తిరిగొస్తుంటే ఈయన ఎదురు పోయేవారట. నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. ఆ పై ఊళ్లలో మాదీ ఒకటి కదా. నా మొహం చూసి సార్ నవ్వారు.

“మొదట్లో ఉండేటోళ్లు చెడ్డోళ్లు కాదు పాపా. వాళ్లకు చివర కనపడదు, అంతే.”

గుండెను ముందు నుంచి చూస్తూ కుట్టేవాడికి వెనక ఏం జరుగుతుందో కనపడదు. ఆయన అన్నది కాలువ గురించో గుండె గురించో నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాయనకు గుండె జబ్బని తేలిన నాడు ఆ మాట నాకు బాగా గుర్తొచ్చింది. మా నాయన కాలువ మొదట్లోని రైతే. అలాంటిలాంటి రైతు కాదు, కాలువకు అడ్డంగా ఇసుక మూటలు వేసి, నీళ్లు మెడ వంచి తన తూములోకి వచ్చేలా చేసుకునే రకం. చర్చిలో పెద్ద. ఆదివారం పొరుగువాడిని ప్రేమించమని చదువుతాడు, సోమవారం పొరుగువాడి వంతు నీళ్లు పెట్టుకుంటాడు. మూడు నాళాలు పూడిపోయాయి. గుండె కండరం అప్పటికే నీరసపడింది. ఆపరేషన్ చేయాల్సిందే, కానీ తట్టుకుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. నా బతుకంతా ఇతరుల నాయనల పక్కన నిలబడ్డాను. ఇప్పుడు నా నాయన వంతు వచ్చింది.

ఆపరేషన్ ముందు రోజు మా ఊరి పాస్టరు వచ్చి నాయన మంచం దగ్గర ప్రార్థన చేశారు. ఈ సహోదరుని గుండె ఒక్క క్షణమైనా ఆగిపోకుండా కాపాడుమని ఆయన దేవుణ్ణి వేడుకుంటుండగా సార్ గదిలోకి వచ్చారు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, ఆమెన్ అనేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. తర్వాత ఎంతో మర్యాదగా అన్నారు.

“అయ్యగారూ, రేపు పొద్దున అది కొంచేపు ఆగల్ల. ఆగకపోతే నాకు కష్టం. ఈ ప్రార్థన మధ్యాన్నం మీద చేసుకోండి.”

మా అమ్మ మొహంలో నెత్తురు లేదు. మా వైపు గుండె ఆగిందంటే ఒకటే అర్థం. నర్సు తల్లి అయినా ఆమెకూ అదే అర్థం. నాయన చెయ్యి పట్టుకుని, మందులు వాడుకుంటూ ఉన్నన్నాళ్లు ఉంటాడు, పదండి ఇంటికి పోదాం అంది. నాయన కూడా దుప్పటి తీసేసి కాళ్లు కింద పెట్టాడు. నేను చెప్పిన మాటలు ఒక్కటీ వాళ్ల చెవికెక్కలేదు. నిజంగానే ఆ పూట వాళ్లు లేచి బస్సెక్కేవాళ్లు. ఎక్కి ఉంటే మా నాయన మరుసటి పండక్కి ఉండేవాడు కాదు.

సార్ కుర్చీ లాక్కుని మా అమ్మ ముందు కూర్చున్నారు. “ఆగేది గాదమ్మా, నాదే తప్పు మాట. పండుకుంటాది. చంటిబిడ్డ పండుకుంటే నువ్వు ఇంట్లో పని చేసుకుంటావా లేదా? అంతే.”

“లేయకపోతే సారూ?” అంది అమ్మ.

“లేసేటట్టు పండుకోబెట్టడమే నా పని.”

ఏమీ కాదు, భయపడొద్దు అని ఆయన అనలేదు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనరు. తర్వాత నాయన వైపు తిరిగారు. నీ చేను ఎక్కడని అడగలేదు, ఆయనకు తెలుసు. నీ గుండె ఇప్పుడు చివరి మడి అయిపోయిందప్పా అన్నారు. మొదట్లోని తూములు పూడిపోయాయి, ముందు నుంచి ఎంత తడి వదిలినా చివరిదాకా పోదు, అందుకని గుండె వాడిన నెత్తురు బయటికి పోయే వెనక వంకలోంచి, అంటే వాగులోంచి, ఎదురు ఎక్కించి తడుపుతాను అని చెప్పారు.

మా నాయన కాళ్లు ఇంకా కిందే ఉన్నాయి. నీళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం ఊరుకోలేకపోయాడు. “వంకలో నీళ్లు ఎదురెక్కుతాయా?” అన్నాడు.

“మోటరు పెడితే ఎక్కవా?”

“ఆఁ, మోటరా. అట్లయితే ఎక్కుతాయి” అని నాయన కాళ్లు మంచం మీదికి తీసుకుని దుప్పటి కప్పుకున్నాడు. పెద్ద చదువుల డాక్టర్లు బొమ్మలు గీసి చూపించినా ఒప్పుకోని మనిషి ఒక మోటరుకు ఒప్పుకున్నాడు.

మరునాడు నన్ను పనిలోకి రావద్దన్నారు సార్. బతిమాలితే, దేన్నీ ముట్టుకోకుండా మూలన నిలబడతానంటేనే రమ్మన్నారు. నిలబడ్డాను. మొదటి తడి ముందు నుంచి వదిలారు. తెర మీద గీత చదును కావాలి. కాలేదు, సన్నగా వణుకుతూనే ఉంది. సార్ వేలి వెనకతో కొసను తాకారు. “అందలా” అన్నారు. వెనక నుంచి ఎక్కించమన్నారు. మెల్లగా, ఒత్తిడి పెరగకుండా. ఆయన చేతులు రొమ్ము మీద పెట్టుకుని నిలబడ్డారు. మిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి గీత చదునైంది. మా నాయన గుండె ఆగింది. లెక్కలేనన్ని గుండెలు అలా ఆగడం చూసినదాన్ని, గోడకు ఆనుకుని ఏడ్చాను. సార్ మళ్లీ తాకి చూసి, నా వైపు తిరగకుండానే, “పండుకుందిలే పాపా” అన్నారు.

పనంతా అలాగే సాగింది. కాసేపు కుట్టడం, కాసేపు చేతులు కట్టుకోవడం. కాలి నుంచి తీసిన నరంతో అన్నిటికంటే ఎండిపోయిన చోటికి మొదటి కొత్త దారి కుట్టారు. కుట్టీ కుట్టగానే దాని గుండా తడి పారించారు. కాలువ తవ్విన వెంటనే చివరి మడికే మొదట నీళ్లు ఇచ్చిన మనిషిని నేను అక్కడే చూశాను.

చివర మూసిన దారి తెరిచారు. వెచ్చటి నెత్తురు వెళ్లింది. గుండె లేవలేదు. కొంచెం వణికి, మళ్లీ ఊరకుండిపోయింది. ఒకసారి షాక్ ఇచ్చారు. అప్పుడు ఒక దెబ్బ, ఆగి ఇంకొక దెబ్బ. మత్తు డాక్టరు గడియారం చూసి, ఇక మిషన్ తగ్గించుకుంటూ వద్దామా అన్నారు. సార్ తల అడ్డంగా ఊపారు.

“నిద్ర లేసినోన్ని లేసినట్టే మడక పట్టమంటామా? కూసోనీ కొంచేపు.”

మిషన్‌నే పని చేయనిచ్చి, గుండెను ఇంకా నాగలి పట్టనివ్వకుండా ఉత్తగా కొట్టుకోనిచ్చారు. ఆయన తొందరపడి ఉంటే అది మళ్లీ కూలబడేది. అది నాకు ఎంత తెలుసో ఆయనకు అంతకు పదింతలు తెలుసు. దెబ్బకు దెబ్బకు మధ్య ఎడం తగ్గింది. అప్పుడు కొంచెం కొంచెంగా బరువు అప్పగించారు. మధ్యాహ్నానికి మా నాయన గుండె తన మడక తానే పట్టింది. బయట పాస్టరు ఆ ప్రార్థన మళ్లీ చేశారట, సార్ చెప్పిన వేళకే.

ఉద్యోగం విరమించాక సార్ తన ఊరికే వెళ్లిపోయారు. వారానికి ఒక రోజు నంద్యాలలో, స్టేషన్‌కు పోయే దారిలో బియ్యం మిల్లు ఎదురుగా ఒక మేడ గదిలో పాత రోగులను చూసేవారు. అప్పటికి నేనూ నంద్యాలలోనే ఉన్నాను. నాయనను తీసుకెళ్లేదాన్ని. ఆ ఇద్దరూ గుండె గురించి మాట్లాడగా నేను వినలేదు. మాత్రలు వేసుకో, ఉప్పు తగ్గించు, మీ తడి అయినాక తూము మూయి. ఇదీ సార్ ప్రతిసారి చెప్పే వైద్యం. మొదటి రెండూ నాయన పాటించాడు. మూడోదానికి మాత్రం, అది గుండె సార్, ఇది కాలువ అని నవ్వేవాడు. “నీ చివరి మడికి నేను నీళ్లిచ్చినా గదప్పా, మా చివరి మడికి నువ్వెప్పుడిస్తావ్?” అని సార్ కూడా నవ్వేవారు. ఇద్దరూ టీ తాగేవాళ్లు. ఇంటికొచ్చి మా నాయన ఇసుక మూటలు మళ్లీ సర్దుకునేవాడు.

మొన్న ఒక పొద్దున ఆళ్లగడ్డ నుంచి సార్ తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. “అక్కా, పెద్దనాయన రాత్రి పండుకున్నాడు. లేయలా.” ఆయన జీవితమంతా వాడిన మాటే.

నాయన నేనూ వస్తానన్నాడు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే షెడ్ల ముందు బస్సు దిగి, ఆటోలో ఆ ఊరికి పోయాం. వాళ్లలో పూడ్చడమే ఆచారం. వాళ్ల చేలోనే, సార్ వాళ్ల నాయన సమాధి పక్కనే గుంత తీశారు. ఆ చేను పిల్లకాలువకు ఆఖరు. నేను ఆయన నోట అన్నేళ్లు విన్న చివరి మడిని మొదటిసారి కళ్లతో చూశాను. వరి పొట్టకొచ్చింది. ఆకులు చుట్టుకుపోయాయి. నేల నెర్రెలిచ్చింది. అందరూ మన్ను వేస్తుంటే మా నాయన గట్టు దిగి, చెప్పు విడిచి, కాలి బొటనవేలితో ఆ నేలను నొక్కి చూశాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఆయన మంచం మీద లేడు. అమ్మ భయపడి నాకు ఫోన్ చేసింది. నేను ఊరికి పోయి చేలోకి పరుగెత్తాను. కాలువలో మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఇసుక మూటలు లాగి గట్టు మీద వేస్తున్నాడు. తూము మూసేశాడు. చుట్టూ పక్క రైతులు. ఒకాయన, మన వరి కూడా పొట్టమీదే ఉంది గదప్పా అని గొణుగుతున్నాడు. ఏందీ పిచ్చి, ఆ గుండెతో ఈ బరువులా అని నేను కేకలేశాను.

“ఈ గుండె మోస్తాదిలే. నాకు తెల్వదా,” అన్నాడు. తర్వాత పక్క రైతు వైపు తిరిగాడు. “చివర చూసొచ్చినాప్పా నేను. నా ఒక్కడి తూముతో అంత దూరం పోవు నీళ్లు. మీరు గూడా రెండు దినాలు మూయండి. మూడోనాడు ఆయన సమాధి కాడ పాలు పోస్తారు.”

కాసేపటికి ఒకాయన పార తీసుకుని తన తూము వైపు నడిచాడు. ఇంకొకాయన అతని వెనకే పోయాడు. లాగే మూటలు ఇంకా ఉన్నాయని నేను కూడా చెప్పులు విడిచి కాలువలోకి దిగాను.

మూడోనాడు నేను అమ్మ వంటింట్లో ఉండగా నాయన వచ్చి గడప మీద కూర్చున్నాడు. మాత్ర వేసుకున్నాడు. చెయ్యి రొమ్ము మీద, కుట్టు వేసిన చోట పెట్టుకున్నాడు.

“సారోళ్ల పిల్లోనికి ఫోన్ చెయ్యమ్మా,” అన్నాడు. “చివరి మడికి అందిందేమో అడుగు.”